పాఠకుల ప్రశ్నలు – జవాబులు: చివరి మామత్‌లు బతికిన దీవి

కిందటి సంచికలో ఏనుగు జాతుల గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, ఒంటి నిండా దట్టమైన జుట్టుండే ఏనుగు జాతి జంతువులైన మామత్‌లలో చిట్టచివరివి ఆర్కిటిక్ మహాసముద్రంలోని రాంగెల్ దీవిలో నాలుగు వేల సంవత్సరాల కిందటి దాకా బతికాయని ఒక వాక్యం రాశాం. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగిలిన జవాబు మొత్తానికి రాలేదు. అందుకని ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ దీవికే కేటాయిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్కొక్క ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: రాంగెల్ దీవి సరిగ్గా ఎక్కడ ఉంది? ఏ దేశానికి చెందుతుంది? ఎంత పెద్దది? (ఒక ఉపాధ్యాయుడు, నిజామాబాద్)

జవాబు: రష్యా తూర్పు కొసన ఉన్న చుకోట్కా తీరం నుంచి ఉత్తరంగా సుమారు 140 కిలోమీటర్లు సముద్రం మీద వెళితే ఈ దీవి వస్తుంది. మధ్యలో ఉన్న నీటిని లాంగ్ జలసంధి అంటారు. దీవికి పడమట తూర్పు సైబీరియా సముద్రం, తూర్పున చుక్చీ సముద్రం ఉన్నాయి. 71వ ఉత్తర అక్షాంశం దీవి మీదుగానే పోతుంది. పరిపాలన రీత్యా ఇది రష్యాలోని చుకోట్కా స్వయంప్రతిపత్తి ప్రాంతంలో భాగం.

వైశాల్యం సుమారు 7,600 చదరపు కిలోమీటర్లు. మీరు నిజామాబాద్ నుంచి రాశారు కాబట్టి మీకు తేలికగా అందే పోలిక ఒకటి ఉంది. విభజనకు ముందున్న మీ పాత ఉమ్మడి జిల్లా 7,956 చదరపు కిలోమీటర్లు. దీవి దానికన్నా కాస్త చిన్నది. తూర్పు పడమరలుగా సుమారు 150 కిలోమీటర్ల పొడవు, ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. నడుమ కొండల వరుసలు తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా సాగి, రెండు చివర్లా సముద్రంలోకి నిట్టనిలువు చరియలుగా దిగిపోతాయి. అన్నిటికన్నా ఎత్తైన సొవెత్‌స్కయా శిఖరం 1,096 మీటర్లు. కొండలకు ఉత్తరాన అకాడమీ టండ్రా అనే విశాలమైన చిత్తడి మైదానం, దక్షిణాన సన్నని తీర మైదానం ఉన్నాయి. నదులలో ఒకదాని పేరు ‘మామొంతొవయా’, అంటే మామత్‌ల నది. మరొకదాని పేరు ‘నెయిజ్వెస్త్‌నయా’, అంటే ‘ఎవరికీ తెలియనిది’. పటం గీసినవారికి పేర్లు కరవైన చోట ఇంతకన్నా నిజాయితీగల పేరు పెట్టడం కష్టం.

తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో హెరాల్డ్ అనే చిన్న రాతి దీవి ఉంది. పరిరక్షణ చట్టాలన్నీ ఈ రెంటినీ కలిపే చూస్తాయి.

ప్రశ్న: రాంగెల్ అంటే ఎవరు? దీవిని కనుగొన్నది ఆయనేనా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: కాదు. ఈ దీవి చరిత్రలో అన్నిటికన్నా వింత అదే. ఫెర్దినాంద్ వాన్ రాంగెల్ రష్యా నౌకాదళ అధికారి. రష్యన్లు ఆ పేరును ‘వ్రాంగెల్’ అని పలుకుతారు. తీరంలో ఉండే చుక్చీ అనే స్థానిక జాతివారు, వేసవిలో ఆకాశం తేటగా ఉన్న రోజున ఉత్తరాన దూరంగా మంచు కొండలు కనిపిస్తాయని చెప్పగా విని, ఆయన 1820 నుంచి 1824 వరకు కుక్కల బండ్ల మీద గడ్డకట్టిన సముద్రం దాటి వెళ్లి మళ్లీ మళ్లీ వెతికాడు. ప్రతిసారీ పగుళ్లిచ్చిన మంచు, తెరుచుకున్న నీళ్లు అడ్డుపడ్డాయి. దీవిని కళ్లతో చూడకుండానే తిరిగి వచ్చాడు.

1849లో బ్రిటిష్ కెప్టెన్ హెన్రీ కెల్లెట్ హెరాల్డ్ దీవిని చేరి, దానికి పడమట ఇంకా భూమి ఉన్నట్టు కనిపించిందని నమోదు చేశాడు. 1867లో అమెరికన్ తిమింగలాల వేట ఓడ నడుపుతున్న థామస్ లాంగ్ దీవి దక్షిణ తీరం పొడవునా ప్రయాణించి, దాని కోసం అన్నేళ్లు వెతికిన మనిషి పేరునే దానికి పెట్టాడు. నా దృష్టిలో ఆ గౌరవంలో సగం ఆ చుక్చీలకు దక్కాలి. దీవి ఉందని ముందుగా చెప్పింది వారే. కానీ పటాల మీద పేర్లు పెట్టే పని వారి చేతిలో లేదు.

ప్రశ్న: 180 డిగ్రీల రేఖాంశం ఈ దీవి మీదుగా పోతుందని చదివాను. అలాగైతే ఒకే దీవిలో సగం నిన్న, సగం ఇవాళ అవుతుందా? (పదో తరగతి విద్యార్థి, కడప)

జవాబు: రేఖాంశం దీవి మీదుగా పోయే మాట నిజమే. భూమి మీద ఆ రేఖ తాకే నేల చాలా తక్కువ: ఇది, దీనికి దక్షిణంగా ఉన్న చుకోట్కా, ఫిజీలోని కొన్ని దీవులు, అంటార్కిటికా. అయితే అంతర్జాతీయ తేదీ రేఖను ఇక్కడ తూర్పుకు వంచి గీశారు. అందుచేత దీవి మొత్తానికీ రష్యా తేదీయే వర్తిస్తుంది.

ప్రశ్న: ప్రపంచమంతటా అంతరించిన మామత్‌లు ఈ ఒక్క చోట ఎలా మిగిలాయి? మరి చివరికి ఎందుకు పోయాయి? వాటిని మనుషులే వేటాడి చంపారా? (పలువురు పాఠకులు)

జవాబు: ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దాలి. ‘మంచు యుగం’ అనగానే ఉత్తరాన ఉన్న నేలంతా మంచు కింద కూరుకుపోయిందని అనుకుంటాం. సైబీరియా ఈశాన్య భాగంలో అలా జరగలేదు. కెనడా మీద, ఉత్తర ఐరోపా మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకున్న కాలంలో ఈ ప్రాంతం చలిగా ఉన్నా పొడిగా ఉండేది. మంచుపలకలు పెరగాలంటే చలి ఒక్కటే చాలదు, హిమపాతం కూడా కావాలి. అంత నీరు మంచుగా నేల మీద నిలిచిపోయినందువల్ల సముద్ర మట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగిపోయింది. లోతు తక్కువైన చుక్చీ సముద్రం, బేరింగ్ జలసంధి ఎండి నేలయ్యాయి. ఆసియాను అలాస్కాతో కలుపుతూ ఏర్పడిన ఆ విశాల భూభాగాన్నే శాస్త్రజ్ఞులు బెరింజియా అంటారు. అప్పుడు రాంగెల్ దీవి కాదు, గడ్డి మైదానాల నడుమ లేచిన కొండల గుంపు. మామత్‌లు, గుర్రాలు, బైసన్‌లు, ఉన్ని ఖడ్గమృగాలు మేసిన నేల అది.

మంచు యుగం ముగిసి, కరిగిన నీరు సముద్రంలో చేరాక, సుమారు పది వేల సంవత్సరాల కిందట ఆ కొండల చుట్టూ నీరు మూసుకుంది. లోపల చిక్కుకున్న మామత్‌లు చిక్కుకున్నట్టే బతికిపోయాయి. ప్రధాన భూభాగంలో వెచ్చదనం, తేమ పెరిగి గడ్డి నేలలు నాచు నేలలుగా, చిత్తడులుగా మారుతున్నప్పుడు, వేటగాళ్లు ఉత్తరానికి విస్తరిస్తున్నప్పుడు, ఈ దీవిలో మేత మిగిలింది, మనిషి రాలేదు.

1993కు ముందు ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఏడాది సెర్గేయ్ వర్తన్యాన్, మరి ఇద్దరు రష్యన్ శాస్త్రజ్ఞులు దీవిలోని నదుల ఒడ్డున దొరికిన దంతాలకు, ఎముకలకు రేడియో కార్బన్ పద్ధతిలో వయసు కట్టి, కొన్ని నాలుగు వేల సంవత్సరాల కిందటివేనని ప్రకటించారు. అప్పటిదాకా మామత్‌లు పది వేల ఏళ్ల కిందటే పూర్తిగా పోయాయని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. నాలుగు వేల ఏళ్లంటే, గీజా మహా పిరమిడ్ కట్టి అయిదు వందల ఏళ్లు దాటిన కాలం. మొహెంజొదారో, హరప్పా వీధుల్లో జనం తిరుగుతున్న కాలం. మామత్‌ను చరిత్ర పూర్వ యుగపు జంతువు అనడానికి అలవాటుపడిన మనకు ఇది మింగుడుపడని లెక్క. దంతాల కొలతలను బట్టి ఇవి మరుగుజ్జు మామత్‌లని మొదట అన్నారు. ఆ తరువాతి పరిశీలనల్లో ఆ మాట నిలవలేదు. కొన్ని ఉత్తరాల్లో ‘ఆవు అంత ఏనుగులు’ అని రాసినవారు దీన్ని గమనించగలరు.

ఇక అవి ఎందుకు పోయాయన్నది. వాటి జన్యువులను చదివిన పరిశోధకులు 2024లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, దీవి విడిపోయేనాటికి అక్కడ చిక్కుకున్న సంతానోత్పత్తి చేయగల మామత్‌లు ఎనిమిదికి మించవు. ఆ గుప్పెడు జంతువుల నుంచి మంద పెరిగి రెండు మూడు వందలకు చేరి, ఆరు వేల సంవత్సరాలు దాదాపు అదే స్థాయిలో నిలిచింది. దగ్గరి చుట్టరికాల మధ్య సంతానం వల్ల జన్యు లోపాలు పోగుపడ్డ మాట వాస్తవం. వాసన పసిగట్టే జన్యువులు కొన్ని చెడిపోయాయని అంతకుముందు, 2017లో జరిగిన అధ్యయనం ఒకటి చూపింది. కానీ ఆ లోపాలే మందను అంచెలంచెలుగా కుంగదీసి చంపాయనడానికి ఆధారం లేదు. అంతం చాలా తక్కువ కాలంలో, ఉన్నట్టుండి వచ్చింది. అంటువ్యాధి కావచ్చు, మేత మీద గాజులా మంచు పెంకు కట్టిన చెడ్డ శీతాకాలాలు కావచ్చు అని ఊహలున్నాయి.

మనుషుల మీద నేరం మోపడానికి మాత్రం సాక్ష్యం లేదు. దీవి దక్షిణ తీరంలో ‘చోర్తొవ్ ఓవ్రాగ్’, అంటే దయ్యపు లోయ అనే చోట దొరికిన మానవ నివాసమే ఇక్కడ తెలిసిన వాటిలో పాతది. అది సుమారు మూడున్నర వేల సంవత్సరాల కిందటిది, అంటే చివరి మామత్ పోయి కొన్ని శతాబ్దాలు గడిచాక వచ్చినవారిది. వాళ్లు సముద్ర జంతువులను, పక్షులను వేటాడి బతికారు. అలాస్కా దగ్గరి సెయింట్ పాల్ దీవిలోనూ ఇలాగే మామత్‌లు చిక్కుకున్నాయి. అవి సుమారు 5,600 ఏళ్ల కిందట, మంచినీటి చెరువులు ఎండిపోయి అంతరించాయని తేలింది. రాంగెల్‌లో నీటికి కొదవ లేదు. కాబట్టి ఆ జవాబు ఇక్కడికి సరిపోదు.

ప్రశ్న: అంత చలి ప్రదేశంలో మంచు తప్ప మొక్కలేమైనా మొలుస్తాయా? (ఒక వ్యవసాయ శాస్త్ర విద్యార్థిని, బాపట్ల)

జవాబు: ఆశ్చర్యం కలిగించే సంఖ్య ఇక్కడ ఒకటి ఉంది. ఈ దీవిలో 417 రకాల నాళికా మొక్కలను, అంటే లోపల నీరు, ఆహారం మోసే నాళాలున్న మొక్కలను, గుర్తించారు. ఆర్కిటిక్‌లో ఇంతే వైశాల్యం ఉన్న మరే టండ్రా ప్రాంతంలోనూ ఇందులో సగానికి మించి లేవని యునెస్కో పేర్కొంది. వాటిలో 23 రకాలు ప్రపంచంలో మరెక్కడా పెరగవు. కారణం పై జవాబులోనే ఉంది. మంచుపలక నేలను గీకి తుడిచిపెట్టలేదు కాబట్టి, పాత గడ్డి మైదానపు మొక్కలూ, ఆ తరువాత వచ్చిన టండ్రా మొక్కలూ పక్కపక్కనే మిగిలాయి. ఒకవైపు ఆసియా నుంచి, మరొకవైపు అమెరికా నుంచి వచ్చిన జాతులు ఇక్కడ కలుస్తాయి.

చెట్లు లేవు. గడ్డకట్టే చలి లేని రోజులు వరుసగా మూడు నాలుగు వారాలకు మించవు; దక్షిణ తీరంలో జూలై సగటు ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలే. సముద్రపు పొగమంచు చేరని నడిమి లోయల్లో వాతావరణం కాస్త నయంగా ఉంటుంది, అక్కడ విల్లో పొదలు మనిషి నడుము దాకా పెరుగుతాయి. తీరంలో అదే జాతి మొక్కలు నేలకు అంటుకుని పాకుతాయి. ఇలా రెండు కొండల మధ్య దూరంలోనే వాతావరణం మారిపోవడం కూడా మొక్కల వైవిధ్యానికి తోడ్పడింది. నవంబరు మూడో వారం దాటాక మునిగిన సూర్యుడు మళ్లీ జనవరి మూడో వారం దాటాక గానీ కనిపించడు. మే నుంచి జూలై వరకు అస్తమించనే అస్తమించడు. ఆ రెండున్నర నెలల వెలుతురులోనే పసుపు పచ్చని పాపీ పూలు పూసి, విత్తు కట్టి, రాల్చాలి.

ప్రశ్న: ఇది ధ్రువపు ఎలుగుబంట్ల పుట్టినిల్లు అంటారు. ఎందుకు? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఆ మాట అక్షరాలా సరైనది. ధ్రువపు ఎలుగుబంటి జీవితంలో ఎక్కువ భాగం సముద్రం మీద తేలే మంచుపైనే గడుస్తుంది. అక్కడే సీల్‌లను వేటాడుతుంది. కానీ కడుపుతో ఉన్న ఆడ ఎలుగుకు కదలని నేల, లోతైన మంచు మేట, గాలి తగలని వాలు కావాలి. రాంగెల్ కొండల వాలుల్లో ఈ మూడూ దొరుకుతాయి. ఇక్కడ ఒక్కొక్క ఏడాది మూడు నుంచి అయిదు వందల ప్రసూతి గుహల దాకా లెక్కించారు. ఇంత దట్టంగా గుహలుండే చోట్లు ప్రపంచంలో అరుదు. తల్లి అక్టోబరు, నవంబరు నెలల్లో మంచులో గుహ తొలుచుకుని లోపలికి పోతుంది. శీతాకాలం నడుమ పిల్లలు పుడతాయి. పుట్టినప్పుడు ఒక్కొక్కటి కిలో కూడా తూగదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో బయటికి వచ్చేటప్పటికి అవే పది కిలోలు దాటుతాయి. ఆ అయిదారు నెలలూ తల్లి ఏమీ తినదు, తన ఒంటి కొవ్వునే పాలుగా మార్చి ఇస్తుంది.

వేసవిలో పరిస్థితి వేరు. సముద్రపు మంచు మునుపటికన్నా ముందుగా, దూరంగా కరిగిపోతున్నందున మగ, ఆడ, పిల్లలతో సహా అనేక ఎలుగులు మంచు తిరిగి ఏర్పడేదాకా దీవి మీదే ఆగవలసి వస్తోంది. 2017 సెప్టెంబరులో పర్యాటకుల ఓడ ఒకటి తీరానికి చేరినప్పుడు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం కళేబరం చుట్టూ రెండు వందలకు పైగా ఎలుగుబంట్లు ఒక్కచోట కనిపించాయి. ఒంటరిగా తిరిగే జంతువు అలా గుంపు కట్టడం చూసి ముచ్చటపడ్డవారు ఉన్నారు. అన్ని ఎలుగులు మంచు లేక నేలెక్కాయనే సంగతి ఆ ఫొటోల్లో కనబడదు.

దీవిలో ఏళ్ల తరబడి పనిచేసిన జీవశాస్త్రజ్ఞుడు నికితా ఒవ్స్యానికొవ్ తుపాకీ పట్టకుండా, చేతిలో ఒక కర్రతోనే ఎలుగుల మధ్య తిరిగి వాటిని పరిశీలించాడు. ఇది తెలిసి, అవి సాధువులని పాఠకులు ఎవరూ అనుకోవద్దు. అది వాటి నడక, చూపు చదవడంలో ఏళ్ల అనుభవం ఉన్నవాడు చేసిన పని.

ప్రశ్న: వాల్రస్‌లు కూడా ఉన్నాయట కదా? (పై పాఠకుడే)

జవాబు: పసిఫిక్ వాల్రస్‌లకు ఇది పెద్ద విడిది. కొన్ని ఏళ్లలో లక్ష దాకా చేరుతాయని యునెస్కో అంచనా. పొడవైన కోరలుండే ఈ పెద్ద సముద్ర జంతువులు లోతు తక్కువ సముద్రపు అడుగున గుల్లచేపలను వెతికి తింటాయి. మధ్యమధ్య మంచు పలకల మీదికి ఎక్కి సేదదీరుతాయి. మేతకు పైనే తేలే మంచు ఉంటే తల్లి పిల్లను దాని మీద ఉంచి కిందికి మునగగలదు. మంచు లోతైన సముద్రం వైపు జరిగిపోతే వేల సంఖ్యలో తీరానికి చేరి, ఒకదాని మీద ఒకటిగా పడుకుంటాయి. ఎలుగు వాసన తగిలినా, ఏదైనా అలికిడైనా మంద మొత్తం ఒక్కసారిగా నీళ్లలోకి పరుగెడుతుంది. ఆ తొక్కిసలాటలో నలిగేవి ఎక్కువగా పిల్లలే.

ప్రశ్న: శీతాకాలంలో మన కొల్లేరుకు, ఇతర చెరువులకు వచ్చే బాతుల్లో ఈ దీవి నుంచి వచ్చేవి ఉన్నాయా? (ఒక పక్షి ప్రేమికుడు, ఏలూరు)

జవాబు: ఈ దీవిలో పేరుపొందిన తెల్ల బాతులు, అంటే స్నో గూస్‌లు, మన వైపు రావు. పుట్టింది ఆసియాలోనే అయినా అవి తూర్పుకు తిరిగి, బేరింగ్ సముద్రం దాటి, కెనడాలోని ఫ్రేజర్ నది డెల్టాకు, అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాల పొలాలకు చేరి చలికాలం గడుపుతాయి. ఆసియాలో ఇవి పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టే చోటు ఇదొక్కటే మిగిలింది. మన చెరువులకు వచ్చే, తల మీద రెండు నల్లని పట్టెలుండే పెద్ద బాతులు వేరు. అవి టిబెట్, మంగోలియా పీఠభూముల నుంచి హిమాలయాలు దాటి వస్తాయి.

ఈ తెల్ల బాతుల కథలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం వాటి పొరుగు. ధ్రువపు నక్కకు బాతు గుడ్లంటే ప్రాణం. కానీ తెల్ల గుడ్లగూబ నేల మీదే గూడు పెట్టి, తన పిల్లల జోలికి వచ్చిన నక్క మీద విరుచుకుపడి తరిమేస్తుంది. అందువల్ల బాతులు గుడ్లగూబ గూటి చుట్టూ చేరి తమ గూళ్లు కట్టుకుంటాయి. వేటాడే పక్షి పక్కన కాపురం పెట్టడం సాహసమే. నక్కతో పోలిస్తే అది చిన్న ముప్పు. అయితే గుడ్లగూబ గూడు పెట్టాలా వద్దా అన్నది లెమ్మింగ్ అనే చిన్న ఎలుక జాతి జంతువు మీద ఆధారపడి ఉంటుంది. లెమ్మింగ్‌లు విపరీతంగా పెరిగిన ఏడాది గుడ్లగూబలూ నక్కలూ కడుపునిండా తింటాయి, బాతులు కూడా క్షేమం. కొన్నేళ్లకొకసారి లెమ్మింగ్‌లు కుప్పకూలుతాయి. అప్పుడు గుడ్లగూబలు గూడు పెట్టవు, ఆకలిగొన్న నక్కలు బాతుల కాలనీ మీద పడతాయి. లెమ్మింగ్‌లు గుంపుగా సముద్రంలో దూకి చస్తాయన్నది మాత్రం కట్టుకథ. ఈ దీవిలోని లెమ్మింగ్‌లలో ఒక జాతి మరెక్కడా లేదు. దాని దగ్గరి బంధువుల్లాగే అది చలికాలంలో తెల్లబడి, మంచు తవ్వడానికి ముందుకాళ్లకు జంట గోళ్లు పెంచుకుంటుంది.

వాతావరణం కూడా వీటితో ఆడుకుంటుంది. వసంతంలో మంచు ఆలస్యంగా కరిగితే గూడు పెట్టే సమయమే మిగలదు. 1970ల మొదట్లో అలాంటి ఏళ్లు వరుసగా వచ్చి, లక్షకు పైగా ఉన్న బాతులు కొద్ది కాలంలోనే దాదాపు సగానికి పడిపోయాయి. ఇటీవలి దశాబ్దాల్లో వసంతాలు ముందుగా వస్తుండడంతో మూడు లక్షలు దాటాయి. ఎలుగుకు చెరుపు చేసే వెచ్చదనం ఇక్కడ బాతుకు మేలు చేసిందన్నమాట.

ప్రశ్న: పాములు ఉంటాయా? (ఒక బాల పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ఉండవు. కప్పలు, బల్లులు కూడా లేవు.

ప్రశ్న: కస్తూరి ఎద్దులు (మస్క్ ఆక్స్ అనే పొడవాటి జుట్టు జంతువులు) అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయా, మనుషులు తెచ్చారా? (ఒక పశువైద్యుడు, అనంతపురం)

జవాబు: ఎప్పుడో మంచు యుగంలో ఉండి అంతరించాయి; ఇప్పుడున్నవి తెచ్చినవే. 1975లో అలాస్కాకు చెందిన నునివాక్ దీవి నుంచి 20 జంతువులను తెచ్చి వదిలారు. నునివాక్‌లోనివి కూడా అక్కడివి కావు. 1930లలో గ్రీన్‌ల్యాండ్ నుంచి తెచ్చిన మంద సంతానం. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలంలో అమెరికా, సోవియట్ దేశాల మధ్య ఇలాంటి ఇచ్చిపుచ్చుకోలు జరగడం విశేషం. మొదట్లో కొన్ని చనిపోయినా, మిగిలినవి ఇప్పుడు వందల సంఖ్యకు పెరిగాయి. రెయిన్‌డీర్‌లను 1948లో పెంపుడు మందగా దించారు; అవి అడవి జంతువులైపోయాయి. తోడేళ్లు మాత్రం ఎవరూ తేకుండానే సముద్రపు మంచు మీద నడిచి వచ్చాయి.

ప్రశ్న: ఆ దీవిలో మనుషులు ఎప్పుడైనా స్థిరపడ్డారా? (పలువురు పాఠకులు)

జవాబు: ప్రయత్నాలు జరిగాయి, చాలావరకు విషాదంగా ముగిశాయి. 1914 జనవరిలో కెనడా ఆర్కిటిక్ యాత్రకు చెందిన కార్లుక్ ఓడ మంచు ఒత్తిడికి నలిగి మునిగింది. అందులోని 25 మందిలో దీవిని చేరగలిగినవారు అక్కడే ఉండగా, కెప్టెన్ రాబర్ట్ బార్ట్‌లెట్, కటాక్తొవిక్ అనే ఆర్కిటిక్ మూలవాసి (ఇన్యూట్) యువకుడు కలిసి గడ్డకట్టిన సముద్రం దాటి, సైబీరియా తీరం వెంబడి మొత్తం సుమారు 1,100 కిలోమీటర్లు నడిచి సహాయం తెచ్చారు. సెప్టెంబరులో రక్షక నౌక వచ్చేసరికి యాత్ర మొత్తం మీద 11 మంది చనిపోయారు.

ఆ యాత్రకు నాయకుడైన విల్యల్మర్ స్టెఫాన్సన్, ఓడ మంచులో ఇరుక్కున్న కొన్ని వారాలకే వేట పేరుతో దిగివెళ్లి, తిరిగి దాన్ని చేరనే లేదు. ఆయనే 1921లో, దీవి మీద బ్రిటన్ హక్కు నిలబెట్టాలనే ఆలోచనతో, తాను వెళ్లకుండా నలుగురు యువకులను అక్కడికి పంపాడు. వారిలో ఫ్రెడ్ మౌరర్ కార్లుక్ నుంచి బతికి బయటపడ్డవాడే. వారితోపాటు బట్టలు కుట్టడానికి అడా బ్లాక్‌జాక్ అనే అలాస్కా మూలవాసి (ఇన్యుపియాక్) మహిళను నెలకు 50 డాలర్ల జీతానికి కుదుర్చుకున్నారు. ఆమె అప్పటికి ఇరవై మూడేళ్లది. క్షయతో ఉన్న కొడుకు వైద్యానికి డబ్బు కావలసి ఒప్పుకుంది. మరుసటి ఏడాది సామగ్రి ఓడ మంచు వల్ల చేరలేకపోయింది. 1923 జనవరిలో ముగ్గురు సహాయం కోసం సముద్రపు మంచు మీద సైబీరియా వైపు బయలుదేరారు. వారి జాడ మళ్లీ తెలియలేదు. నాలుగోవాడైన లార్న్ నైట్ విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బుతో మంచం పట్టి జూన్‌లో చనిపోయాడు. ఎలుగుబంటి పేరు వింటేనే హడలిపోయే అడా, నక్కలకు ఉచ్చులు పన్నడం, తుపాకీ కాల్చడం తనంతట తానే నేర్చుకుని, ఎలుగులను దూరం నుంచే గమనించడానికి గుడారం పైన మంచె కట్టుకుని, ఆగస్టులో ఓడ వచ్చేదాకా బతికింది. ఆ జీతంతో కొడుకును సియాటిల్ తీసుకువెళ్లి వైద్యం చేయించింది. 1983లో మరణించింది. చిన్న విషయమే గానీ చెప్పాలనిపిస్తోంది: ఈ రెండు యాత్రల్లోనూ ఒక్కొక్క పిల్లి ఉంది, రెండు పిల్లులూ ప్రాణాలతో తిరిగి వచ్చాయి.

1926లో సోవియట్ ప్రభుత్వం గెయోర్గీ ఉషకోవ్ నాయకత్వంలో యూపిక్, చుక్చీ మూలవాసి జాతులకు చెందిన కొన్ని కుటుంబాలను తెచ్చి శాశ్వత గ్రామం నెలకొల్పింది. ఆయన పేరనే అది ఉషకోవ్‌స్కొయె అయింది. సోవియట్ కాలం చివర్లో సరఫరాలు తగ్గి ఊరు ఖాళీ అయింది. అక్కడ మిగిలిన చివరి నివాసి 2003లో ఎలుగుబంటి దాడిలో మరణించింది. ఇప్పుడు అభయారణ్య సిబ్బంది, వాతావరణ కేంద్రం, 2014 తరువాత ఏర్పడ్డ సైనిక స్థావరం తప్ప ఊరన్నది లేదు.

ప్రశ్న: మనలాంటివాళ్లు వెళ్లి చూడవచ్చా? (ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, సికింద్రాబాద్)

జవాబు: నియమాల ప్రకారం చూడవచ్చు, కానీ తేలిక కాదు. 1976లో దీవిని రష్యా అత్యంత కఠినమైన రక్షణ ఉండే ‘జపొవేద్నిక్’గా ప్రకటించింది. 1997లో చుట్టూ 12 నాటికల్ మైళ్ల సముద్రాన్ని కూడా అందులో చేర్చారు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అనుమతి లేకుండా ఎవరూ కాలు పెట్టరాదు. అనుమతి ఉన్నా అభయారణ్య సిబ్బంది వెంట ఉండాలి. ప్రయాణికుల విమానాలు లేవు. సముద్రం తెరుచుకునే జూలై చివర నుంచి సెప్టెంబరు వరకు కొద్ది ఓడలు మాత్రమే వెళ్తాయి. అది సరిహద్దు ప్రాంతం కావడం వల్ల రష్యా వీసాకు అదనంగా మరో అనుమతి కావాలి. ఖర్చు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇవన్నీ సమకూరినా, గాలి దిశ మారి మంచు తీరానికి నెట్టుకు వస్తే ఓడ దిగడానికి వీలుండదు; అప్పుడు రాంగెల్ దొరగారిలాగే దూరం నుంచి తిరిగి రావలసి ఉంటుంది.